పాటలను దిద్దినవాడు

పల్లెపాటలను సేకరించువాడు వానిని దిద్దవచ్చునా, దిద్దరాదా యను ప్రశ్న మనలో ఇంకను తీరలేదు. పాటలో వ్యాకరణదోష మున్నదని ఒకడు సవరించును. గ్రామ్యపదము చెవికి ఇంపుగా లేదని మఱియొకడు మార్చును. చరణము తప్పిపోయినదని వేఱొకడు తానే పూరించును. ఇట్లు చేయువారందఱును పాటపై ప్రేమచేతనే చేయుచున్నామని చెప్పుదురు. ఆ మాట తఱుచు నిజమే. కాని ప్రేమ యున్నంత మాత్రమున అసత్యము సత్యమగునా? అసత్యమాడినంత మాత్రమున ఆ ప్రేమ లేకుండ పోవునా? ఈ ప్రశ్నలకు సమాధానమును శాస్త్రవాదములలో వెదకుటకంటె ఒక మనుష్యుని చరిత్రలో వెదకుట మేలని మాకు తోచినది.

ఆ మనుష్యుడు ఫ్రాన్సు దేశమునకు చెందిన బ్రిటనీ సీమవాడు. పేరు తెయొదోర్ హెర్సార్ ద లా విల్‌మార్కే. 1815లో జన్మించి 1895లో గతించెను. తన 24వ యేట ఒక పాటల సంపుటమును ప్రకటించి 28 సంవత్సరములు ఐరోపా పండితలోకముచేత పూజింపబడెను. ఆ పిమ్మట మరణమువఱకు మఱి 28 సంవత్సరములు కూటసృష్టి చేసిన వంచకుడని నిందింపబడెను. ఆయన చనిపోయిన 69 సంవత్సరములకు ఆయన యింటనే దొరకిన కొన్ని నోటుపుస్తకములు ఆ నిందలో సగము నిజమనియు, సగము అబద్ధమనియు చాటినవి. ఆ పుస్తకములు ఆయన బ్రతికియున్నంత కాలము ఆయన చేతిలోనే యుండినవి. వానిని చూపినచో తనకు పట్టిన అపకీర్తిలో పెక్కుభాగము తొలగిపోయెడిది. అయినను ఆయన చూపలేదు. ఎందుకు చూపలేదో తెలిసికొనుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

బ్రిటనీ ఫ్రాన్సునకు పడమటి కొసను సముద్రములోనికి చొచ్చుకొని యున్న సీమ. 5, 6 శతాబ్దులలో బ్రిటను ద్వీపమునుండి కడలి దాటి వచ్చిన జనులు తమ భాషను అచ్చటికి కొనివచ్చిరి. దానినే బ్రెటన్ అందురు. అది ఫ్రెంచికి చుట్టము కాదు. వేల్సు దేశపు భాషకు తోబుట్టువు. బ్రిటనీ చిరకాలము ప్రత్యేక రాజ్యముగా నుండి 1532లో ఫ్రాన్సు రాజ్యమున కలిసిపోయెను. అటుపిమ్మట పట్టణములును, న్యాయస్థానములును, పెద్దయిండ్లును ఫ్రెంచివయ్యెను. బ్రెటను సేద్యగాండ్రకును, పడవవారికిని, భిక్షుకులకును మిగిలెను. 19వ శతాబ్దిలో పాఠశాలలు వెలసినప్పుడు, తల్లిభాష నోటజాఱిన పిల్లవాని మెడలో కొయ్యచెప్పునో మఱియొక గుర్తునో వ్రేలాడగట్టి నలుగురిలో సిగ్గుపఱచు ఆచారమును వచ్చెను. భాషకు ఇంతటి అవమానము జరిగిన దేశమున ఆ భాషలో పాడువారికి గౌరవ మెక్కడిది?

అయినను పాట చావలేదు. దుఃఖకథలను, హత్యలను, ఓడల మునుకలను, పుణ్యపురుషుల మహిమలను చెప్పు పాటలను ఆ దేశమున గ్వెర్జు లందురు. ప్రేమ, వేడుక, నాట్యములకు సంబంధించిన పాటలను సోను లందురు. దర్జీలు, కొయ్యచెప్పులు చేయువారు, నూలు వడకు స్త్రీలు, పుణ్యక్షేత్రములవద్ద బిచ్చమెత్తువారు ఈ పాటలకు ఆధారము. వారిలో పెక్కుమందికి అక్షరము రాదు. మన దేశమున తిరుగలి యొద్దను, రోకలి యొద్దను, వరినాట్లలోను పాటలు బ్రతికినట్లే అచ్చటను పనిపాటలలోను, చలికాలపు రాత్రులలోను, తిరునాళ్లలోను అవి బ్రతికినవి.

లా విల్‌మార్కే కెంపెర్లే పట్టణమున ఒక పాతకాలపు కులీనుల కుటుంబమున జన్మించెను. నిజోన్ గ్రామమున వారికి ఒక భవంతి యుండెను. ఆయన తల్లి పేదలకు మందిచ్చి, అన్నముపెట్టి ఆదరించుటలో పేరుపొందిన యిల్లాలు. తన సంపుటపు పీఠికలో ఆయన చెప్పిన కథ యొకటి కలదు. మెల్గ్వెన్ గ్రామపు బిచ్చగత్తె యొకతె రోగముతో నుండగా ఆ తల్లి చికిత్స చేసెనట. ఋణము తీర్చుకొనుటకు తనవద్ద ఏమియు లేదని ఆ పేదరాలు సిగ్గుపడి, పాట యొకటి పాడెద వినుమని బలవంతపెట్టెనట. ఆ పాటకు సంతసించి ఆ యిల్లాలు దానిని వ్రాసికొనెననియు, అది మొదలు పాటలు వ్రాసికొనుట తనకు అలవాటయ్యెననియు, తన సేకరణమునకు అదియే మూలమనియు కుమారుడు చెప్పెను. ఈ కథను పిమ్మట కొందఱు విమర్శకులు నమ్మలేదు. మందునకు ప్రతిగా పాట నిచ్చిన ఆ స్త్రీ పేరును మాత్రము ఆ పీఠిక చెప్పదు. ఈ విషయమును చదువరులు గుర్తుంచుకొందురు గాక.

యౌవనారంభమున ఆయన పారిసునకు పోయి ప్రాచీన పత్రములను చదువుట నేర్పు విద్యాలయమున చేరెను. ఆనాటి పారిసు మధ్యయుగముల మోజులో మునిగియుండెను. స్కాట్లండున మెక్‌ఫర్సన్ అనునతడు 1760వ దశాబ్దమున ఓషియన్ అను ప్రాచీనకవి పేరిట కావ్యములను ప్రకటించి యుండెను. అవి చాలవఱకు అతని కల్పనలని తెలిసిన తరువాతను వాని ప్రభావము తగ్గలేదు. ప్రతిజాతియు తనకును అట్టి పురాతన గానము కలదని చూపుటకు తహతహలాడుచుండెను. ఆ గాలి ఈ యువకునకును సోకెను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడెల్ల పొలములకును, తిరునాళ్లకును, గుడిసెలకును పోయి పాటలు వ్రాసికొనసాగెను. 1838లో వేల్సునకు పోగా అచ్చటి కవిసభలో ఆయనను బార్డుగా, అనగా కులకవిగా, స్వీకరించిరి.

1839లో ఆయన సంపుటము రెండు భాగములుగా పారిసులో వెలువడెను. పేరు బర్జజ్ బ్రెయిజ్. బ్రిటనీ బార్డుల గానమని ఆ పేరునకు తాత్పర్యము. బ్రెటను మూలమును, ఫ్రెంచి అనువాదమును, చారిత్రక వ్యాఖ్యలును, కడపట పాటల వరుసలును అందుండెను. అవి మూలస్వరములని శీర్షికలోనే చెప్పబడెను. 1845లో రెండవ కూర్పు మిక్కిలి పెరిగి వచ్చెను. 1841లోనే జర్మను భాషలోనికిని, 1865లో ఇంగ్లీషులోనికిని అనువాదములు వచ్చినవి. అందులో నొమినోయె అను 9వ శతాబ్దపు వీరుని పాట యొకటి కలదు. కప్పమున తూకము తక్కువైనదన్న ఫ్రెంచి అధికారి తలనే నఱికి త్రాసులోవేసి ఆ వీరుడు తూకము సరిచేసెనని దాని కథ. ప్రసిద్ధ రచయిత్రి జార్జి సాండు ఆ పాటను ఇలియడ్ మహాకావ్యముకంటె గొప్పదని కొనియాడెను. 1858లో లా విల్‌మార్కే ఫ్రాన్సు శాసనపరిశోధక అకాడమీలో సభ్యుడయ్యెను. బిచ్చగాండ్ర భాషయని తలవంచుకొనిన బ్రెటనులు తమకును ఒక గతము కలదని తల యెత్తిరి. ఈ మేలును ఎవ్వరును కాదనలేరు.

అయినచో తప్పెక్కడ జరిగెను? ఆయన విన్న పాటలు 16, 17, 18 శతాబ్దముల స్థానిక సంఘటనలను గూర్చినవి పెక్కు. ఏ యూరి కన్యనో ఎత్తుకొనిపోయిన జమీందారుని గూర్చియో, ఏ కరవు గూర్చియో అవి చెప్పును. ఆయన వానిలో కొన్నిటి నాయకులను మార్చి, పూర్వ రాజుల పేర్లు పెట్టి, 5, 6 శతాబ్దముల నాటివని వ్యాఖ్య వ్రాసెను. పలువురు పాడిన పాఠములను ఒకటిగా కుట్టెను. పాడువారి నోట సహజముగా వచ్చు ఫ్రెంచి మాటలను ఏఱివేసి, లె గొనిదెక్ అను వైయాకరణుడు 1821లో ప్రకటించిన నిఘంటువు మార్గమున అచ్చమైన బ్రెటను పదములను చేర్చెను. మోటుగా తోచినవానిని తొలగించెను. లోపమని తోచినచోట తన పద్యమును పెట్టెను. పెట్టి, ఇది యెల్ల జనుల నోటినుండి వచ్చినట్లే యున్నదని చెప్పెను.

దీనికి మంచి దృష్టాంతము ఆ సంపుటమున మొట్టమొదట నున్న పాటయే. బ్రిటనీ పల్లెలలో కప్పల సాయంప్రార్థన యని వేడుకగా పిలువబడు లెక్కపాట యొకటి కలదు. ఒకటి, రెండు, మూడు అనుచు పండ్రెండువఱకు పోవుచు, ప్రతి సంఖ్య యొద్దను వెనుకటి వన్నియు తిరుగ చెప్పుచు రావలెను. పిల్లల జ్ఞాపకశక్తిని, ఊపిరిని పరీక్షించు ఆట యది. లా విల్‌మార్కే దీనిని తీసికొని, క్రీస్తుమతమునకు పూర్వపు డ్రూయిడ్ పురోహితుడు శిష్యబాలునకు చేయు తత్త్వోపదేశముగా మార్చి, తన గ్రంథమునకు ద్వారతోరణముగా కట్టెను. పాట యున్నమాట నిజము. పండ్రెండు సంఖ్యలును నిజము. డ్రూయిడ్ మాత్రము నిజోన్ భవంతిలో పుట్టినవాడు.

1839లో దీనిని విమర్శింపగల శాస్త్రము ఫ్రాన్సులో ఇంకను బలపడలేదు. 1860 దాటునప్పటికి కాలము మాఱెను. 1852లో ఫ్రెంచి ప్రభుత్వమే జానపద గేయములను సేకరింప నాజ్ఞాపించెను. భాషాచరిత్ర తెలిసిన విద్వాంసులు, ఈ పాటలు ఆఱవ శతాబ్దపువైనచో భాష ఇంత క్రొత్తగా నేల యున్నదని యడుగ నారంభించిరి. 1867లో బర్జజ్ బ్రెయిజ్ మూడవ కూర్పు వెలువడెను. ఆ సంవత్సరముననే కెంపేరు పట్టణపు పత్రభాండారాధికారి ల మెన్ అనునతడు 15వ శతాబ్దపు బ్రెటను నిఘంటువు నొకదానిని పునర్ముద్రించుచు, దాని పీఠికలో లా విల్‌మార్కే కల్పనలను బహిరంగముగా ఖండించెను.

అంతకంటె బలమైన ప్రతివాది ఫ్రాంస్వా-మరీ లుజెల్. ఇతడు 1821లో జన్మించిన బ్రెటను. రాజరికమున నమ్మకము లేని ప్రజాస్వామికవాది. బర్జజ్ బ్రెయిజ్‌ను చదివి పాటలపై మనసుపడినవారిలో తానును ఒకడు. ఏండ్ల తరబడి పల్లెలు తిరిగి, విన్నది విన్నట్లు వ్రాసి, 1868లో ఒకటియు 1874లో ఒకటియుగా గ్వెర్జుల సంపుటములు రెండు ప్రకటించెను. తాను తిరిగిన యూళ్లలో ఆ పాటలే వినబడినవి గాని డ్రూయిడులు వినబడలేదు. ఆర్థరు రాజు వినబడలేదు. అట్టి నిగ్గుతేలిన భాషయు వినబడలేదు. 1872లో సెంబ్రియా పట్టణమున జరిగిన విద్వత్సభలో ఈ సంగతిని పత్రముగా చదివెను. అతడడిగినది చిన్న విషయము. మీరు విన్నప్పుడు వ్రాసికొనిన కాగితములు చూపుడని.

లా విల్‌మార్కే చూపలేదు. వాదమునకు దిగలేదు. కాగితములు లేవనియు చెప్పలేదు. మఱి 23 సంవత్సరములు బ్రతికి, 1895 డిసెంబరులో కెంపెర్లేలో కన్నుమూసెను. లుజెల్‌ను ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే గతించియుండెను. కాగితములు చూపనివాడు లేనందుననే చూపలేదని లోకము నిశ్చయించుకొనుట సహజమే. 1960లో ఫ్రాన్సిస్ గుర్విల్ అను బ్రెటను పండితుడు పెద్దగ్రంథము వ్రాసి ఆ నిశ్చయమునకు ముద్రవేసెను. సంపుటమున పెక్కుభాగము కల్పనయే యనియు, కల్పించిన వానికి బ్రెటను భాషయే సరిగా రాదనియు ఆ గ్రంథమునందలి సిద్ధాంతము. వ్యవహారము ముగిసినదని అందఱును తలంచిరి.

నాలుగేండ్లకే అది తలక్రిందయ్యెను. సంగీతమును, జానపదవిద్యను ఎఱిగిన దొనాసియెన్ లోరాన్ అను యువపరిశోధకుడు 1964లో లా విల్‌మార్కే వంశీయుల నాశ్రయించి, కెంపెర్లే యొద్ద కెరాన్‌స్కేర్ భవంతిలో భద్రపఱచియుండిన కాగితములను చూచుటకు అనుమతి పొందెను. వానిలో ఆయన చేతివ్రాతతో నిండిన మూడు నోటుపుస్తకము లుండెను. ఒక శతాబ్దికి దగ్గఱగా పండితులు అడుగుచుండిన కాగితములు అవియే. లోరాన్ పది సంవత్సరములు వానితో కుస్తీపట్టి 1974లో తన పరిశోధనమును విశ్వవిద్యాలయమున సమర్పించెను. మొదటి నోటుపుస్తకమును వివరములతో 1989లో ప్రకటించెను.

ఆ పుటలు చూచినవారికి మొదట కన్నులబడునది తొందర. పాడువారు ఆగరు, వ్రాయువాడు పరుగెత్తవలెను. అక్షరములు కలిసిపోయినవి, మాటలు సంక్షేపింపబడినవి, కొట్టివేతలును, పైవ్రాతలును ఉన్నవి. భాష నిఘంటువు భాష కాదు. ఆ సీమ రైతు పలుకు, ఫ్రెంచి మాటలతో సహా, చెవికి సోకినట్లే దిగినది. అట్లు వ్రాసినవానికి బ్రెటను రాదనుట పొసగదు. కల్పనలని కొట్టివేయబడిన పాటలలో కొన్ని నిజముగా ఎవ్వరో పాడగా విన్నవే యని తేలెను. ఇంటిలో కూర్చుండి ఊహించినవాడు కాడు. ఏండ్ల తరబడి వాకిళ్లు తిరిగినవాడు. సంపుటము అచ్చయి కీర్తి వచ్చిన తరువాతను ఆ తిరుగుట ఆగలేదనుటకు మొదటిదాని వెనుకనున్న తక్కిన రెండు పుస్తకములును సాక్ష్యము.

ఆ పుటలే మఱియొక సాక్ష్యమును చెప్పుచున్నవి. విన్నపాటను, అచ్చుపాటను ప్రక్కప్రక్కన పెట్టినచో ఎక్కడ పేరు మాఱెనో, ఎక్కడ చరణము చేరెనో, ఎక్కడ మోటుమాట పోయెనో ప్రతిపుటయు చూపును. ల మెన్, లుజెల్ చెప్పిన యాక్షేపణలు పెక్కు నిజములే. కొన్ని పాటలకు నోటుపుస్తకములలో ఆధారమే కానరాదు. కావున 1964లో దొరకినది నిర్దోషిత్వపత్రము కాదు. ఒకే చేతివ్రాతలో ఆయన శ్రమకును సాక్ష్యము, ఆయన అపరాధమునకును సాక్ష్యము.

ఈ నోటుపుస్తకములు చూపిన తరువాత లోరాన్ చేసిన యొక శోధనము మా మనసునకు మిక్కిలి తగిలినది. స్కోలాన్ అను పాపి చనిపోయి, నల్లగుఱ్ఱముపై, తానును నల్లనై, తల్లి క్షమాపణకొఱకు తిరిగివచ్చు కథ బ్రిటనీ పల్లెలలో గ్వెర్జుగా పాడబడును. అతడు చేసిన పాపములలో తల్లియొక్క చిన్నపుస్తకమును నీటిపాలు చేయుట యొకటి. 13వ శతాబ్దమునాటి వేల్సు వ్రాతప్రతి, కార్మార్థెన్ నల్లపుస్తకమనబడునది, అందును యస్కోలాన్ అను పేరుగల యొక పాపి కలడు. అతడును నల్లనివాడే, గుఱ్ఱమును నల్లనిదే, పుస్తకమును నీట ముంచుట అతని పాపములలోనిదే. ఈ రెండును ఒక మూలమునుండి వచ్చినవని లోరాన్ 1971లో చూపెను. సముద్రమునకు ఈవలావల, చదువురాని జనుల నోళ్లలో, ఏడువందల యేండ్లకు పైబడిన జ్ఞాపకము చెక్కుచెదరక నిలిచియుండెను. లా విల్‌మార్కే కోరినది ప్రాచీనతయే కదా! అది ఆయన విన్న పాటలోనే యుండెను. దిద్దని పాటలో దొరకిన ప్రాచీనత దిద్దిన పాటలలో దొరకలేదు. డ్రూయిడుల పేర్లు చేర్చిన చోటనెల్ల ఆయన నిజమైన పాతదనమును కప్పి, క్రొత్తదానికి పాతరంగు పూసెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఆయన ఆ పుస్తకముల నేల దాచెను? ఆయన చెప్పలేదు గనుక మేము ఊహింపవలసినదే. చూపినచో వంచకుడన్న నింద సగము పోవును. కాని మిగిలిన సగము స్థిరపడిపోవును. చూపనిచో రెండును సందేహముగా నుండును. నిజము చెప్పుటకు అవకాశము 1839లో సులభముగా నుండెను. ఇవి జనుల పాటలు, వీనిని నేనిట్లు కూర్చితిని అని ఒక్కవాక్యము వ్రాసిన చాలును. కీర్తి వచ్చిన పిమ్మట ఆ వాక్యము బరువెక్కెను. అకాడమీలో కూర్చున్న పిమ్మట మఱింత బరువెక్కెను. 1872లో అది ఆయన మోయలేనంతటిదయ్యెను. అబద్ధము తన్ను కాపాడునని నమ్మినవానికి చివరకు తన నిజమునే దాచవలసివచ్చెను.

ఆ కాలపు రుచి అట్టిది కదా యని ఆయనను సమర్థించువారు కలరు. నిజమే. ఇంగ్లండున పెర్సీ 1765లో పాత గేయములను ప్రకటించుచు తన మెఱుగులు పెట్టెను. జర్మనీలో ఆర్నిము, బ్రెంటానో అను కవులును అట్లే చేసిరి. ఫిన్లండున ఎలియాస్ లెన్‌రోట్ అను వైద్యుడు పల్లెగాయకుల పాటలను కూర్చి కలెవల యను మహాకావ్యమును 1835లోను, పెంచి 1849లోను వెలువరించెను. కూర్పు తనదే యని లెన్‌రోట్ దాచలేదు. మూలగీతములు నిలిచినవి, పిమ్మట అవియు అచ్చుపడినవి. కావ్యము జాతికి గర్వకారణమయ్యెను. మూలములు పండితులకు ధనమయ్యెను. ఒకే పని ఇద్దఱును చేసిరి. ఒకరు చెప్పి చేసిరి. ఒకరు చెప్పక చేసిరి.

చెప్పకపోవుటవలని నష్టము ఆయన యొక్కనికే చెందినచో మేమింత వ్రాయనక్కఱలేదు. నష్టపడినవారు ఇతరులును కలరు. మొదటిది, ఆయన సంపుటముపై పడిన సందేహము అందలి నిజమైన పాటలపైనను పడెను. అబద్ధమును ఏఱుటకు సాధనము లేక లోకము నిజమును కూడ పాఱవేసెను. రెండవది, ఇంకను విచారకరమైనది. ఆ పాటలు పాడినవారు మఱుగుపడిరి. గ్రంథమున వారిలో పెక్కుమంది ఒక రైతు, ఒక ముసలమ్మ, ఒక బిచ్చగత్తె యని కనబడిరే గాని పేరుతో, ఊరితో మనుష్యులుగా నిలువలేదు. పాడినది బార్డుల గానమైనప్పుడు పాడిన ముసలమ్మతో పనియేమి? ఆమె పాత్ర మాత్రమే. అందుండిన నీరు ఆఱవ శతాబ్దపుది. ఈ భావమే ఆయన మోసమునకు వేరు. జనులు కాపాడిరని ఒప్పుకొనెను గాని జనులు కల్పింపగలరని ఒప్పుకొనలేకపోయెను.

లుజెల్ ఈ విషయమున వేఱుదారి త్రొక్కెను. అతనికి పాటలు చెప్పినవారిలో ముఖ్యురాలు మర్గరీదు ఫులూప్. 1837లో జన్మించి 1909లో చనిపోయిన పేదరాలు. పుట్టుకనుండి చేయి అవిటి, చదువు రాదు. నూలు వడకుచును, నడువలేనివారి మ్రొక్కులను వారి బదులు క్షేత్రములకు నడచిపోయి తీర్చుచును బ్రతికెను. ఆ నడకలో పాటలు నేర్చెను. లుజెల్ ఆమె పేరును, ఊరిని గ్రంథములో వ్రాసెను. అందువలన 1900లో ఫ్రాంస్వా వల్లే అను నతడు ఆమెను వెదకి, మైనపు గొట్టములపై ఆమె గొంతును పట్టగలిగెను. పేరు వ్రాసినవానివలన గొంతు మిగిలెను. పేరు దాచినవాని గాయకులకు ఆ భాగ్యము కలుగలేదు.

మన దేశమున ఈ పని చేసినవారిలో గిడుగు రామమూర్తిపంతులు గారిని తలంపక తప్పదు. పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను సవరల నోటనే నేర్చి, వారి పాటలను, కథలను వారు పలికినట్లే వ్రాసిన మహానుభావు డాయన. పలుకుబడినే ప్రమాణముగా గొన్న ఆయనకు పాటను దిద్దవలెనను బుద్ధి పుట్టుటకు కారణమే లేదు. జనుల భాష దోషభూయిష్ఠమని తలంచువానికే దిద్దవలెనని తోచును. లా విల్‌మార్కే జనులను ప్రేమించెను; వారి భాషను వ్యాకరణము ననుసరించి మాత్రమే ప్రేమించెను. బ్రెటనులు ఫ్రెంచివారి యెదుట సిగ్గుపడకుండుటకై ఆయన పాటకు మంచిబట్టలు కట్టెను. ఆ సిగ్గు పాటలో లేదు, ఆయనలోనే యుండెనని నోటుపుస్తకములు చెప్పుచున్నవి.

అట్లని ఆయనను తృణీకరించుటకు మాకు మనసొప్పదు. ఇరువదియేండ్లయిన నిండని యొక జమీందారు బిడ్డ, తన తరగతివారు చెవినైన పెట్టని భాషను విని, గుడిసెల ముందర కూర్చుండి, చేయి నొచ్చువఱకు వ్రాసికొనెను. ఆయన వ్రాయకున్నచో ఆ పాటలలో కొన్ని నేడు లేకయే పోయెడివి. ఆయన సంపుటము లేకున్నచో లుజెల్‌కు ఆ దారియే తోచియుండదేమో! ఆయన కట్టిన గ్రంథము కూలినను ఆయన చింపక దాచిన కాగితములు నిలిచినవి. చింపివేయుటకు ఆయనకు ఏబదియేండ్ల వ్యవధి యుండెను. తన యపరాధమునకు సాక్ష్యమని తెలిసియు చింపలేదు. అందున్నది తన పాట కాదు, ఆ యూరివారి పాట యని ఆయన యంతరంగము ఎఱిగియుండెనని మేము నమ్ముచున్నాము.

నేడు మన పల్లెలలో పాటలు సేకరించుచున్నవారికి ఈ చరిత్రనుండి మేము చేయు విన్నపము స్వల్పము. పాడినవారి పేరు వ్రాయుడు. ఊరు వ్రాయుడు, తేది వ్రాయుడు. పలికినది పలికినట్లు వ్రాయుడు. తప్పని తోచినను వ్రాయుడు. తరువాత మీ రుచి కొలది దిద్ది ప్రకటింపదలచినచో ప్రకటింపుడు, దిద్దితిమని చెప్పుడు, మొదటి వ్రాతను చింపకుడు, దాచకుడు. అది మీ సొమ్ము కాదు. మందునకు ప్రతిగా పాట నిచ్చిన మెల్గ్వెన్ పేదరాలి సొమ్ము అట్టిది. ఆమె ఋణము తీర్చితినని వెడలిపోయెను. ఆమె పేరును తన గ్రంథమున వ్రాయవలసిన ఋణము మాత్రము ఆ యింటివారియొద్దనే నిలిచిపోయెను.